గుమాస్తా గారి క్యారమ్స్: డిప్రెషన్ చికిత్సలో ఆటకి చోటెక్కడ? (కేస్ స్టడీ)

డిప్రెషన్ తగ్గిందని, చికిత్స చేసే మేము ఫైల్లో రాసే చాలా కేసుల్లో నిజానికి తగ్గేది బాధ. ఏడుపు ఆగుతుంది, నిద్ర ఒక దారికొస్తుంది, మనిషి పనిలోకి వెళ్ళడం మొదలుపెడతాడు. "ఇప్పుడు ఫర్వాలేదండీ" అంటారు ఇంట్లోవాళ్ళు. అదే మనిషిని విడిగా కూర్చోబెట్టి అడిగితే, "బాధేం లేదండి, అలాగని ఇంకేమీ కూడా లేదు" అంటాడు. పులుసులో ఉప్పు తక్కువైతే తెలుస్తుంది గానీ పులుసు బాగుంటే తెలియదు. పండక్కి కూతురు వస్తే వచ్చిందని తెలుస్తుంది, సంబరం మాత్రం పుట్టదు. దీన్ని అనెడోనియా అంటాం. మందులకి బాధ లొంగినంత త్వరగా ఇది లొంగదు. ఇలా సగంలో ఆగిపోయినవాళ్ళకే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

ఈ కేసు ఆ రెండో సగానిది. సంతోషం, సరదా, ఆట అనేవి జబ్బు నయమయ్యాక దక్కే బహుమానాలని రోగులూ కుటుంబాలూ అనుకుంటారు, మాలో కొందరు కూడా అలాగే అనుకుంటారు. నయం చేసే పనిలోనే వాటికి వాటా ఉందని నా అభిప్రాయం. అలాగని మాత్రల్లాగా రోజుకి రెండుసార్లు అని చీటీ మీద రాసివ్వడానికి కుదరదు. అవి ఎక్కడ, ఎవరి మధ్య, ఏ పూట పుట్టే వీలుందో వెతికి, ఆ వీలు కల్పించడం వరకే మా చేతిలో ఉంటుంది.

ఆయనా, ఆయన భార్యా చదివి సరేనన్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. పేరు రాయడం లేదు, వాళ్ళ వీధిలో అందరూ పిలిచినట్టే గుమాస్తా గారు అంటాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 49. గోదావరి వైపు ఒక చిన్న పట్టణంలో రైస్‌మిల్లు గుమాస్తా, 20 ఏళ్ళ పైచిలుకు అదే మిల్లు. భార్య ఇంట్లోనే జాకెట్లు కుడతారు. కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం, కొడుకు ఇంటర్. చెప్పుకోదగ్గ అప్పుల్లేవు, తాగుడు లేదు. సైకియాట్రిస్టు ఎసిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, మూడు వారాలయ్యాక మాటల చికిత్స కోసం నా దగ్గరికి పంపారు. అంతకుముందు నెలల తరబడి గ్యాస్ మాత్రలు, నడుం నొప్పికి ఇంజెక్షన్లు, ఒక ఎండోస్కోపీ అన్నీ అయ్యాయి. మన మగవాళ్ళ డిప్రెషన్ పొట్టలోనో నడుంలోనో బయటపడినంత తేలిగ్గా నోట్లోంచి బయటపడదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 5 శాతానికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలబడ్డవాళ్ళే. వాళ్ళలో 100కి 85 మందికి చికిత్స అందడం లేదు. మిగతా 15 మందిలోకి రావడానికి ఈయనకి ఏడాది పట్టింది.

మొదలు ఎక్కడంటే అన్నగారి మరణం దగ్గర. 14 నెలల కిందట, గుండెపోటు. కర్మకాండలన్నీ ఈయనే దగ్గరుండి చేయించారు, అప్పుడు బాగానే ఉన్నారట. మూడు నాలుగు నెలలకి ఇంట్లో అందరూ తేరుకున్నారు, ఈయన జారడం మొదలైంది. తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ. అన్నం ముందు కూర్చుని కెలకడం. మిల్లులో కాటా చీటీలు రెండుసార్లు కూడితే రెండు మొత్తాలు వచ్చేవి. ఒక లారీ లెక్కలో తేడా దొర్లింది. ఓనరు కేకలెయ్యలేదు, "కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి" అన్నారు. "తిట్టినా బావుండేదండి" అన్నారు ఈయన నాతో.

పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీలో 27కి 19 వచ్చింది. స్కోరు ఎంత ఎక్కువైతే డిప్రెషన్ అంత తీవ్రం. ఆఖరి ప్రశ్న, అంటే చావు ఆలోచనల ప్రశ్నకి "కొన్ని రోజులు" అని టిక్కు పెట్టారు. ఆ టిక్కు చూసి ఊరుకోకూడదు, విడిగా, సూటిగా అడగాలి. అడిగాను. పోతే బావుండును అనే ఆలోచన ఉంది, ఎలాగన్న ఆలోచన లేదు, ప్రయత్నం లేదు. అయినా మిల్లులో పురుగుమందుల గది తాళంచెవి ఈయన దగ్గరే ఉంటుందని తెలిశాక, అది వేరేవాళ్ళకి మారేలా భార్య ద్వారా ఏర్పాటు చేయించాం. రాత్రిపూట అవసరపడితే చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాం. ఈ కేసులో ఆట గురించి చెప్పేదంతా దీని తరవాతి మాట.

థైరాయిడ్, బీ12, షుగర్ పరీక్షలు సైకియాట్రిస్టు ముందే చేయించారు, తేడా లేదు. నేను పనిగట్టుకుని అడిగింది ఇంకోటుంది: ఎప్పుడైనా నిద్ర అక్కర్లేకుండా రోజుల తరబడి హుషారుగా, మాటల మీద మాటలుగా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతూ గడిచిందా? హుషారు పెంచే పద్ధతులు వాడబోయే ముందు బైపోలార్ (హుషారూ దిగులూ మారి మారి వచ్చే జబ్బు) కాదని తేల్చుకోవడం తప్పనిసరి. అలాంటిదేమీ లేదు. దీర్ఘశోకమా, అంటే పోయినవాళ్ళ మీద బెంగ ఎంతకీ తీరకపోవడమా అన్నది కూడా చూశాం. అన్నగారి మీద బెంగ ఉంది గానీ, ఆసక్తి పోయింది అన్నింటి మీదా. మేజర్ డిప్రెసివ్ ఎపిసోడ్ అన్న సైకియాట్రిస్టు నిర్ధారణతో ఏకీభవించాను.

మంచి జ్ఞాపకాల సలహా

ఈయనకి బంధువులు, వాట్సాప్ గ్రూపులు, యూట్యూబ్ వక్తలు అందరూ కలిసి ఇచ్చిన సలహా ఒకటే: "మంచి విషయాలు గుర్తు తెచ్చుకో, మనసు తేలికపడుతుంది." ఆయన బుద్ధిగా పాటించారు. ప్రతి రాత్రీ పడుకునే ముందు ఒక మంచి జ్ఞాపకం తలుచుకునేవారు. తలుచుకున్న ప్రతిసారీ ఇంకాస్త కుంగిపోయేవారు. "మంచివి తలుచుకున్నా బాగుపడనివాణ్ణి, ఇంక దేనికి బాగుపడతానండి?" అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న.

ఇది ఈయన ఒక్కరి సంగతి కాదు. సైకాలజిస్టు యుట్టా యోర్మన్ బృందం 2007లో ఇదే పరీక్షించింది. ముందు విచారం కలిగించి, తరవాత సంతోషకరమైన జ్ఞాపకం తెచ్చుకోమంటే, ఎన్నడూ డిప్రెషన్ రానివాళ్ళకి మనసు తేరుకుంది. గతంలో వచ్చి తగ్గినవాళ్ళకి మార్పు లేదు. ప్రస్తుతం డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకి మరింత దిగజారింది. అప్పటికీ ఇప్పటికీ ఉన్న దూరం కళ్ళముందుకు రావడం వల్లే కావచ్చు. గుమాస్తా గారి మంచి జ్ఞాపకాలన్నిట్లోనూ అన్నగారు ఉన్నారు. చిన్నప్పుడు ఊళ్ళో లైబ్రరీ గదిలో క్యారమ్స్ బల్ల ఉండేది, అన్నదమ్ములిద్దరూ ఒక జట్టు. ఆ గదిని ప్రతి రాత్రీ తలుచుకుంటున్నారు.

ముందుగా చేసిన పని ఆ రాత్రి తలపోతని ఆపించడం. "మంచి ఆలోచనలు మానెయ్యమంటున్నారా?" అని భార్య అనుమానంగా చూశారు. కొన్నాళ్ళు మానెయ్యమనే చెప్పాను.

సిద్ధాంతం కొంచెం

బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1998లో ఒక ప్రశ్న వేసింది. భయం పారిపొమ్మంటుంది, కోపం కొట్టమంటుంది, మరి సంతోషం ఏం చెయ్యమంటుంది? ఫలానా పని చెయ్యమని గట్టిగా తొయ్యదు. ఆడుకోమంటుంది, కుతూహలమైతే వెతకమంటుంది. అంటే చూపుని విశాలం చేస్తుంది. అలా విశాలమైన వేళల్లో మనిషి తెలియకుండానే కొన్నిటిని కూడబెట్టుకుంటాడు: స్నేహాలు, నేర్పులు, దేహబలం, ఇలా కూడా చెయ్యొచ్చు అన్న ఊహలు. సంతోషం నిమిషాల్లో పోతుంది, కూడబెట్టుకున్నది మిగులుతుంది. ఆమె ఇచ్చిన ఉదాహరణల్లో నాకిష్టమైనది ఆఫ్రికాలోని పటాస్ కోతులది. పిల్లకోతులు తరుముకునే ఆటలో పరిగెత్తుకెళ్ళి వంగే మొక్క మీదకి దూకుతాయి. మొక్క వంగి వాటిని అనుకోని దిక్కుకి విసురుతుంది. పెద్దకోతులు అదే దూకుడు ఒక్క సందర్భంలోనే చేస్తాయి, క్రూరమృగం వెంటపడినప్పుడు.

ఇంకొక ప్రయోగం 2000 సంవత్సరంలోది. కాసేపట్లో ఉపన్యాసం ఇవ్వాలని చెప్పి కొందరిని కంగారుపెట్టి, వెంటనే ఒక్కొక్కరికి ఒక్కో చిన్న వీడియో చూపించారు. సరదా కలిగించేవీ, ప్రశాంతతనిచ్చేవీ చూసినవాళ్ళ గుండె, రక్తనాళాలు తొందరగా మామూలుకొచ్చాయి. విచారకరమైనది చూసినవాళ్ళకి అందరికన్నా ఆలస్యమైంది.

ఇదే వరుసలో మూడు మంచి భావాలకి ఒక చెడ్డ భావం ఉంటే మనిషి బాగుంటాడన్న నిష్పత్తి కూడా 2005లో వచ్చింది. దాని వెనకున్న గణితం తప్పని 2013లో తేలిపోయింది, పత్రిక ఆ భాగాన్ని ఉపసంహరించింది కూడా. మన వాట్సాప్‌లో మాత్రం 3:1 ఇంకా తిరుగుతూనే ఉంది. రోజుకిన్ని అని సంతోషాన్ని లెక్కపెట్టే పద్ధతి మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

ఇక ఆట సంగతి. యాక్ పాంక్సెప్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పని చాలామందికి తెలుసు. ఆడుకునేటప్పుడు, చక్కిలిగిలి పెట్టినప్పుడు అవి మన చెవికి అందని 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలాడతాయని చూపించాడు. ఆయన చేసిన ఇంకో ప్రయోగం అంత ప్రచారంలోకి రాలేదు. ఆడుకుంటున్న పిల్ల ఎలుకల పెట్టెలో కాసిని పిల్లి వెంట్రుకలు వేశాడు. ఆట ఠక్కున ఆగిపోయింది. వెంట్రుకలు తీసేశాక కూడా కొన్ని రోజులదాకా మునుపటి ఆట తిరిగిరాలేదు. ఆ ఎలుకలు పుట్టి పిల్లిని చూసినవి కావు. "మా ఆయన్ని ఏదైనా ఆటలో పెట్టండి" అని ఎవరైనా అడిగినప్పుడు నేను ముందు చూసేది అక్కడ పిల్లి వెంట్రుకలు ఏమున్నాయన్నదే.

నోటు పుస్తకం

చికిత్సకి ఎంచుకున్న పద్ధతి బిహేవియరల్ యాక్టివేషన్. మనసు బాగుపడ్డాక పనులు చేద్దామని ఆగకుండా, పనుల వైపు నుంచి మనసుకి దారి వెయ్యడం. 1970లలో పీటర్ లూయిన్‌సన్ దీనికి పునాది వేశాడు. మన దేశంలో దీనికి గట్టి రుజువు గోవా నుంచి వచ్చింది. సంగాత్ సంస్థ, విక్రమ్ పటేల్ బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దాదాపు 500 మంది డిప్రెషన్ రోగుల మీద చేసిన పరీక్ష 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మానసిక వైద్యంలో డిగ్రీలు లేని స్థానిక కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో ఇదే పద్ధతి నడిపితే, మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ళకన్నా ఎక్కువమంది తేరుకున్నారు.

పద్ధతిలో చిన్న కిటుకొకటి ఉంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి, జరగబోయేదాన్ని తలుచుకుని ముందే కలిగే సంతోషం ఎక్కువగా దెబ్బతింటుంది. వెళితే ఏముంటుందిలే అనిపిస్తుంది, వెళితే అనుకున్నదానికన్నా కాస్త నయంగానే ఉంటుంది. అది మళ్ళీ గుర్తుండదు. అందుకని పనికి ముందు 10కి ఎంత బాగుంటుందనుకున్నారో, అయ్యాక నిజంగా ఎంత ఉందో రాయమంటాం. గుమాస్తా గారికి ఇది చెబితే మొదటిసారి కళ్ళలో కదలిక కనబడింది. మరుసటి వారం మిల్లు చిట్టాలాంటి పొడుగు నోటు పుస్తకం తెచ్చారు. ఎర్ర సిరాతో గీతలు, పైన "అంచనా", "అసలు" అని రెండు కాలమ్స్. కాలవ గట్టు మీద నడక: అంచనా 1, అసలు 3. సెంటర్‌లో టీ: అంచనా 0, అసలు 2. కూతురితో ఫోను: అంచనా 4, అసలు 2, పక్కన "అది ఏడ్చింది" అని.

ఈ పనుల జాబితా రాసేటప్పుడే ఆటల మాట ఎత్తాను. "ఆటలేంటండీ ఈ వయసులో" అన్నారు. సరేనని వదిలేశాను. అయితే సెంటర్‌లో టీ కొట్టు పక్కన ఆటో స్టాండ్ దగ్గర రేకుల షెడ్డులో సాయంత్రాలు క్యారమ్స్ ఆడతారని, తాను టీ తాగుతూ అటు చూస్తున్నానని ఆయనే ఇంకో రోజు చెప్పారు. నోటు పుస్తకంలో అది లేదు. ఎందుకు రాయలేదంటే, "చూడ్డం కూడా ఒక పనేనా అండి?" అన్నారు. పనేనన్నాను. చూసి రండి, ఆడొద్దు, ఎవరైనా పిలిచినా "చూస్తాలే" అనండి అని చెప్పాను.

ఆ షెడ్డులో పిల్లి వెంట్రుకలు తక్కువ. అక్కడున్నది ఇద్దరు ఆటో డ్రైవర్లు, ఒక ఎలక్ట్రీషియన్, పాలకేంద్రంలో పనిచేసే అబ్బాయి. మిల్లువాళ్ళెవరూ రారు. ఆయన లెక్క తప్పారన్న సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. డబ్బు పందెం ఉందా అని అడిగి తెలుసుకున్నాను. ఓడినవాళ్ళు టీలు ఇప్పించాలి, అంతే. ఫోన్లో రమ్మీ ఆడేవాళ్ళు కూడా "ఆటే కదండీ" అంటూ వస్తుంటారు నా దగ్గరికి. అందులో మనిషి మనిషిని చూడడు, ఓడితే నవ్వడు. దాన్ని నేను ఈ లెక్కలో వెయ్యను.

స్ట్రైకర్ పడిన రోజు

కొన్నాళ్ళు చూశాక, ఒక సాయంత్రం నాలుగో మనిషి రాలేదు. "బాబాయ్, ఒక చెయ్యి తక్కువైంది, రండి" అన్నాడట ఆటో కుర్రాడు. కూర్చున్నారు. తరవాతి సిట్టింగ్‌కి వచ్చి, నేరం ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని, "నవ్వానండి" అన్నారు.

"దేనికి?"

"తెల్లకాయ పాకెట్ అంచునే ఉందండి, ఊదితే పడేలాగ. దాన్ని వదిలేసి స్ట్రైకర్ పోయి పాకెట్లో పడింది. 'బాబాయ్ స్ట్రైకర్‌ని కూడా మిల్లుకి తోలేశారు' అన్నాడు కుర్రాడు. అందరూ నవ్వారు, నాక్కూడా వచ్చేసింది."

"తరవాత?"

"ఇంటికెళ్ళగానే గోడమీద అన్నయ్య ఫొటో. సిగ్గేసిందండి. ఆయన పోయి రెండేళ్ళు కాలేదు, నేను ఇకిలిస్తున్నాను."

చికిత్స మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకి సంతోషం అసలు రాకపోవడం ఒక సమస్యయితే, వచ్చినదాన్ని వెంటనే ఆర్పేసుకోవడం రెండోది. ఇది నాకు తగదు, ఎక్కువసేపు ఉండదు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు – ఇలాంటి మాటలతో ఆర్పుకుంటారు. మన ఇళ్ళల్లో దీనికి తోడు "ఎక్కువ నవ్వకు, ఏడవాల్సొస్తుంది" అన్న పెంపకం ఒకటి. ఆ సిగ్గు తప్పని వాదించి ప్రయోజనం లేదు. నేను అడిగింది వేరు.

"షెడ్డు నుంచి ఇంటికి ఎంతసేపు నడక?"

"పది నిమిషాలండి."

"ఆ పది నిమిషాలు ఎలా ఉన్నాయి?"

చాలాసేపు ఆలోచించారు. "ఆకలేసిందండి" అన్నారు. చెప్పాక ఆయనే ఆశ్చర్యపోయారు. నెలల తరబడి బలవంతంగా తింటున్న మనిషికి దారిలో బజ్జీల వాసన తగిలి ఆకలేసింది, ఇంట్లో అడుగుపెట్టి ఫొటో చూసేసరికి ఆ సంగతి మరిచిపోయారు.

మిషెల్ క్రాస్కే బృందం 2019లో ప్రచురించిన పరీక్షలో, బాధ తగ్గించడం మీద కాకుండా సంతోషాన్ని పెంచడం మీద పనిచేసే చికిత్సని పరీక్షించారు. అందులో ఒక భాగం జరిగిన చిన్న మంచి ఘటనని కళ్ళు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టుగా, మెల్లగా, ఇంద్రియాలకి తెలిసిన వివరాలతో చెప్పించడం. పాత జ్ఞాపకం తలుచుకోవడానికీ దీనికీ తేడా ఉంది. ఇది నిన్నటిది, దీనికీ ఇవాళ్టికీ మధ్య నష్టం అనే అగాధం లేదు. ఆ ఆటని అలా చెప్పించాను. "బోరిక్ పౌడర్ ఎక్కువ జల్లారండి, వేళ్ళకి జారుడుగా ఉంది. బల్బు చుట్టూ పురుగులు. స్ట్రైకర్ చల్లగా ఉంది..." చెబుతూ చెబుతూ ఆయన కుడిచెయ్యి నా టేబుల్ అంచు మీదకి వచ్చింది. బొటనవేలి గోటికి చూపుడు వేలు బిగించి, లేని స్ట్రైకర్‌ని కొట్టారు. మళ్ళీ సర్దుకుని ఇంకో కోణంలో కొట్టారు. "ఇలా కొట్టాలండి అది, నేను సూటిగా కొట్టాను" అన్నారు కళ్ళు తెరవకుండానే.

కాసేపాగి, ఎవరూ అడక్కుండానే, "స్ట్రైకర్ పడితే అన్నయ్య అస్సలు వదిలేవాడు కాదండి. సొంత జట్టు అయినా సరే, కాయ వెనక్కి పెట్టాల్సిందే అనేవాడు" అన్నారు. చెప్పి చిన్నగా నవ్వారు. రాత్రిపూట పనిగట్టుకుని తలుచుకుంటే కుంగదీసిన అన్నగారే ఇక్కడ ఆటలోంచి మామూలుగా వచ్చి వెళ్ళారు. చూపు విశాలం కావడం అని ఫ్రెడ్రిక్‌సన్ చెప్పేది ప్రయోగశాలలో కంటి పరీక్షలతో, పదాల పరీక్షలతో కొలుస్తారు. నా గదిలో అది ఇలా కనిపించింది.

పుస్తకం మూసేయడం

ఆట వారానికి మూడు నాలుగు సాయంత్రాలకి పెరిగింది. నోటు పుస్తకంలో ఒక మార్పు గమనించాను. అంచనా, అసలు పక్కన మూడో కాలమ్ పుట్టింది: "తేడా". కింద వారం మొత్తం. ఒక వారం మొత్తం తగ్గిందని దిగులుగా వచ్చారు. మిల్లు లెక్క ఇంట్లోకి వచ్చేసింది. సంతోషం కోసం మరీ పట్టుబట్టేవాళ్ళు, అది అందాల్సిన వేళ అందకపోతే మిగతావాళ్ళకన్నా ఎక్కువ నిరాశపడతారని ఐరిస్ మాస్ 2011లో చూపించింది. అంచనాకీ అసలుకీ తేడా ఉంటుందన్న ఎరుక ఆయనకి అప్పటికే వచ్చేసింది, కాబట్టి పుస్తకం పని అయిపోయినట్టే. మూయించాను. ఆయనకి అది అంత నచ్చలేదు.

పీహెచ్‌క్యూ మూడు నెలల దగ్గర 9, ఐదో నెలలో 5. మిల్లుకి ముందు సగం పూట, తరవాత పూర్తిగా వెళ్ళారు.

మళ్ళీ జారినప్పుడు

ఖరీఫ్ ధాన్యం మిల్లుకి దిగే రోజుల్లో వాళ్ళమ్మగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్, ఆస్పత్రిలో రాత్రులు, పగలు లారీలు. రెండు వారాల్లో నిద్ర చెడింది, 3 గంటల మెలకువ తిరిగొచ్చింది, స్కోరు 12. షెడ్డుకి వెళ్ళడం ఆగిపోయింది.

డిప్రెషన్‌ని తట్టుకునే శక్తి అంటే పడకపోవడం అనుకుంటాం. నేను చూసేది పడ్డాక ఏమేం అందుబాటులో ఉన్నాయన్నది. రెండు సాయంత్రాలు కనబడకపోయేసరికి ఆటో కుర్రాడు ఇంటికొచ్చాడు. విషయం తెలిశాక ఆస్పత్రికి తిప్పే పని తనమీద వేసుకున్నాడు. ఆపరేషన్‌కి రక్తం కావాలంటే షెడ్డులోంచి ఇద్దరు వెళ్ళి ఇచ్చారు. అన్నగారు పోయినప్పుడు ఈయనకి మిల్లు, ఇల్లు తప్ప మూడో చోటు లేదు. ఇప్పుడుంది. దాన్ని ఎవరూ సపోర్ట్ గ్రూప్ అని పేరు పెట్టి కట్టలేదు, టీల పందెం మీద కట్టుకుంది.

రెండో తేడా, ఆయన నా దగ్గరికి తనంతట తనే ఫోన్ చేసి వచ్చారు. గ్యాస్ మాత్రల దారి పట్టలేదు. "మొదట్లో ఉన్నట్టే ఉందండి, ముందే చెబుదామని" అన్నారు. మందు మోతాదు మార్చాల్సిన అవసరం సైకియాట్రిస్టుకి కనిపించలేదు. నెలన్నరకి స్కోరు 6.

2001 సెప్టెంబర్ 11 దాడులకి ముందు ఒకసారి పరీక్షించిన కొందరు విద్యార్థులనే దాడుల తరవాత మళ్ళీ పరీక్షించి ఫ్రెడ్రిక్‌సన్ బృందం 2003లో రాసిన పత్రం ఒకటుంది. తట్టుకునే స్వభావం ఉన్నవాళ్ళు బాధపడకపోలేదు. ఆ బాధ మధ్యనే కృతజ్ఞత, ఆసక్తి, ప్రేమ లాంటివి కూడా వాళ్ళకి కలిగాయి. డిప్రెషన్ లక్షణాల నుంచి కాపాడింది అవే. 50 మంది కూడా లేని చిన్న అధ్యయనం, విద్యార్థుల మీద చేసింది. దాన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పను గానీ, ఆస్పత్రి వరండాలో గుమాస్తా గారు "రక్తం ఇచ్చొచ్చి ఆ ఎలక్ట్రీషియన్ నన్నే టీ అడిగాడండి, ఓడిన బాకీ అట" అని చెబుతూ నవ్వారని భార్య చెప్పినప్పుడు ఆ పత్రం గుర్తొచ్చింది.

దీనికి ఉన్న హద్దులు

ఒక్క కేసు. మందు పనిచేస్తోంది, కాలం గడిచింది, మిల్లు ఓనరు ఉద్యోగం తీసెయ్యలేదు. వీటిలో దేని వాటా ఎంతో విడదీసే మార్గం నాకు లేదు. తీవ్రత ఇంకా ఎక్కువుండి, మంచం దిగలేని స్థితిలో ఉన్నవాళ్ళ దగ్గర ఆట మాట ఎత్తడం క్రూరం. అక్కడ మందులు, నిద్ర, తిండి, కాపలా ముందు. "నలుగురితో కలువు, నవ్వు, అదే పోతుంది" అనే బంధువులకి ఈ రాత ఆయుధం కాకూడదు. ఈయన దగ్గర మూడు వారాల మందు తరవాత, రోజువారీ నడక కుదిరాక, ఆయన చూపు తనంతట తానే బల్ల వైపు మళ్ళాకే అది మొదలైంది.

ఇప్పటికీ 4 గంటలకి మెలకువ వస్తుంది. పెద్ద లారీల లెక్క ఇంకొకరితో సరిచూయించుకుంటారు. లక్షణాలు తగ్గాక కూడా మందు కొన్ని నెలలు కొనసాగాలి, ఎప్పుడు తగ్గించాలన్నది సైకియాట్రిస్టు చూస్తారు. నేను మూడు నెలలకోసారి కలుస్తున్నాను.

కొత్త సమస్య కూడా ఒకటి వచ్చింది. రాత్రి 9 దాటినా ఈయన షెడ్డు వదలడం లేదట. "ముందు ఇంట్లోంచి కదిలేవారు కాదు, ఇప్పుడు ఇంటికి రారు" అన్నారు భార్య. 8 గంటలకల్లా ఇంట్లో ఉండాలని నా గదిలోనే ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది. లేచేముందు ఆవిడ, "మగాళ్ళకి సెంటర్ ఉందండి. మాకెక్కడుంది ఆట?" అన్నారు. చిన్నప్పుడు వామనగుంటలు ఆడేవారట, చింతపిక్కలతో. పెళ్ళయ్యాక ఆ పలక ముట్టుకోలేదు. ఆయనకి బాగోలేని ఏడాదంతా పెళ్ళిళ్ళ సీజన్ జాకెట్లు రాత్రి 11 దాకా కుట్టింది ఈవిడే. ఆ రోజు ఫైల్ తియ్యకుండానే పీహెచ్‌క్యూ పట్టీ ఆవిడ చేతికిచ్చాను. 11 వచ్చింది. ఆవిడకి విడిగా ఫైల్ తెరిచాం. వాళ్ళ వీధిలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మిషన్ ఆపి కూర్చోగల ఆడవాళ్ళు ఇంకెవరున్నారో చూసుకురమ్మని మొదటి పని ఇచ్చాను.